చెప్పకూడని మాట, చెప్పవలసిన మాట



ఒక బుధవారము ప్రార్థన కూటము ముగిసి అందరూ వెళ్లిపోయిన తరువాత ఒక సహోదరి మాత్రము గుమ్మము దగ్గరే నిలబడిపోయింది. చాపలు చుట్టుతున్న మా ఇంటావిడ ఆమెను చూచి లోపలికి పిలిచింది. వచ్చి కూర్చున్నది గాని చాలాసేపు మాట రాలేదు. చివరికి, "అయ్యగారూ, మిలటరీ పని చేసేవాళ్లు ఇంట్లో డబ్బు సంగతి కూడా చెప్పకూడదని రూలు ఉంటదా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో తరువాత మీకే తెలుస్తుంది. ఈ నెల ఆ కుటుంబపు సంగతే వ్రాస్తున్నాను. భార్యాభర్తలిద్దరూ చదివి సరేనన్న తరువాతనే దీనిని అచ్చుకు పంపుతున్నాను. వారి పేర్లు, ఊరు, పని జరిగిన చోటు వ్రాయను.

ఆమె భర్త ఇంటర్ చదువు కాగానే సైన్యములో చేరాడు. సిగ్నల్స్ విభాగములో పని దొరికింది. 1911 ఫిబ్రవరి 15న ఏర్పడిన విభాగమది. కొండమీద కాపలా ఉన్న జవానుకు వెనుకనున్న అధికారి మాట చేరాలంటే వీరే చేర్చాలి. ఈయన జబల్పూరులో శిక్షణ పొంది, 17 సంవత్సరములు సేవచేసి, హవల్దారుగా పింఛనుతో ఇంటికి వచ్చాడు. అలా వచ్చినవారిలో చాలామంది బ్యాంకు దగ్గరో, అపార్ట్‌మెంటు దగ్గరో సెక్యూరిటీ ఉద్యోగము చూచుకుంటారు. ఈయన తనకు తెలిసిన విద్యనే నమ్ముకున్నాడు. రోడ్డు ప్రక్కన ఒక మడిగె అద్దెకు తీసికొని నెట్‌వర్క్ పనులు మొదలుపెట్టాడు. ఆరుగురు కుర్రవాళ్లు. వారిలో ఇద్దరు మన సంఘపు యౌవనస్థులే. మొదట స్కూళ్లు, నర్సింగు హోములు. తరువాత కంటోన్మెంటులో చిన్న చిన్న మరమ్మతు పనులు వచ్చాయి.

ఈ పని ఏమిటో మన పాఠకులలో పెద్దవారికి కొంచెము చెప్పాలి. నాకు కూడా ఆయన చెప్పేదాకా తెలియదు. భూమిలో గుంత తవ్వి, గట్టి ప్లాస్టిక్ గొట్టము పరచి, దానిలోగుండా ఆప్టికల్ ఫైబర్ కేబులు లాగుతారు. కేబులు లోపల ఉండే గాజు పోగు మందము 125 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటె కాస్త లావు. దాని నడిమధ్య వెలుగు ప్రయాణించే దారి 9 మైక్రాన్లే. రెండు పోగులను కలపాలంటే స్ప్లైసింగ్ మిషను ఉండాలి. అది రెండు కొనలను ఎదురెదురుగా పెట్టి విద్యుత్తు మెరుపుతో కరిగించి అతుకుతుంది. కొనమీద దుమ్ము రేణువు ఉన్నా అతుకు పాడవుతుంది. తరువాత ఇంకొక యంత్రముతో పరీక్ష చేస్తారు. ఒక కొన నుండి వెలుగు పంపితే, ఎన్ని మీటర్ల దూరములో అతుకు బాగాలేదో, ఎక్కడ తెగిందో అది చూపిస్తుంది. "భూమిని తవ్వకుండానే లోపల జబ్బు ఎక్కడుందో చెబుతుంది అయ్యగారూ, డాక్టరుగారి స్కానింగు లాగా" అన్నాడాయన. గుంత పని అయ్యాక గదులలో ర్యాకులు నిలబెట్టాలి, స్విచ్చులు బిగించాలి, ఒక్కొక్క వైరుకు చీటీ అంటించాలి. ఆ చీటీలు సరిగా అంటించినవాడే మంచి పనివాడని ఆయన లెక్క.

సైన్యములో పని గనుక ఈ తీగెలు మన ఇళ్లలోని ఇంటర్నెట్టుతో కలవకూడదు. బయటి లోకముతో సంబంధము లేకుండా ఆ వల విడిగా ఉంటుంది. దేశమంతటా ఇది ఎంత పెద్ద పనియో చూడండి. సైన్యము తన దగ్గరున్న కొంత స్పెక్ట్రమును మొబైలు సేవల కొరకు వదలుకుంటే, దానికి బదులుగా త్రివిధ దళాలకు ప్రత్యేకముగా ఫైబర్ నెట్‌వర్క్ వేసి ఇవ్వాలని ప్రభుత్వము నిర్ణయించింది. ఆ పని బి.ఎస్.ఎన్.ఎల్.కు అప్పగించారు. 2012లో 13,334 కోట్ల రూపాయలు మంజూరైతే, 2018లో మరి 11,330 కోట్లు కలిపారు. పెద్ద కాలువలు పెద్ద కంపెనీలు తవ్వుతాయి. పొలములోకి నీళ్లు పారే పిల్ల కాలువ ఎవరో ఒక చిన్నవాడు తవ్వాలి గదా. మన సహోదరుని వంటి వారి చోటు అక్కడే.

నెహెమ్యా గ్రంథము 4వ అధ్యాయము చదివినప్పుడెల్లా నాకు ఈయన పని గుర్తుకు వస్తుంది. గోడ పొడవైనది, కట్టేవారు ఒకరికొకరు దూరముగా ఉన్నారు, శత్రువు ఎటునుండి వస్తాడో తెలియదు. అందుకని నెహెమ్యా బూర ఊదువానిని తన ప్రక్కనే ఉంచుకున్నాడు. శబ్దము ఎక్కడ వినబడితే అందరూ అక్కడికి పరుగెత్తి రావాలని ఏర్పాటు చేశాడు. కత్తి పట్టినవారు, రాళ్లు మోసినవారు చాలామంది ఉన్నారు. బూర పట్టినవాడు ఒక్కడే. ఆ ఒక్కని ఊపిరి ఆగితే గోడ అంతా చెదిరిపోయేది.

క్రైస్తవుడు సైన్యమునకు పనిచేయవచ్చునా అని అడిగేవారు మనలో ఉన్నారు. 1889లో రష్యా నుండి తెలుగు దేశమునకు వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు యుద్ధమునకు దూరముగా ఉండే సంప్రదాయములో పెరిగినవారే. వారిని నేను గౌరవిస్తాను. అయితే యోహాను దగ్గరికి సైనికులు వచ్చి మేమేమి చేయాలని అడిగినప్పుడు ఆయన ఉద్యోగము మానుకోమనలేదు. ఎవరినీ పీడించవద్దు, మీ జీతముతో తృప్తిపడండి అన్న భావముతో జవాబిచ్చాడు (లూకా 3:14). ఆ చర్చ ఇంకొక నెలకు ఉంచుదాము. మన సంగతి అది కాదు.

మన సంగతి మౌనము గురించి.

కంటోన్మెంటు గేటు దాటాలంటే ప్రతి పనివానికి పోలీసు వెరిఫికేషను కావాలి, పాసు కావాలి. సెల్‌ఫోను గేటు దగ్గరే ఇచ్చివేయాలి. పెన్‌డ్రైవు జేబులో ఉండకూడదు. లోపల ఫోటో తీయకూడదు, గీత గీయకూడదు. 1923 నాటి అధికార రహస్యముల చట్టము ఇప్పటికీ అమలులో ఉన్నది. ఎక్కడినుండి ఎక్కడికి కేబులు వెళ్లిందో, ఏ గదిలో ఏమున్నదో బయట నోరు జారితే అది మాట తప్పుతోనే పోదు, జైలు దాకా వెళ్లవచ్చు. ఆయన తన కుర్రవాళ్లకు మొదటి రోజున నేర్పేది స్ప్లైసింగు కాదు, నోరు మూసుకోవడము.

ఇది నాకు ఎంతో నచ్చింది. మన సంఘాలలో ఉన్న రోగము మీకు తెలియనిది కాదు. ఒకరు ప్రార్థన కొరకు చెప్పుకున్న కష్టము ఆదివారము సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. అందుకని ఒక ఆదివారము సామెతలు 11:13 మీద ప్రసంగిస్తూ, కొండెములు చెప్పేవానికి, నమ్మకముగా గుట్టు కాపాడేవానికి తేడా చెబుతూ, ఈ సహోదరుని లేచి నిలబడమన్నాను. "ఈయన ఎక్కడ పనిచేస్తాడో మీకు తెలుసు. ఏమి పనిచేస్తాడో కట్టుకున్న భార్యకు కూడా తెలియదు. నాలుకకు కళ్లెము అంటే ఇది!" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. ఆయన తల వంచుకున్నాడు. వినయము అనుకున్నాను.

ఆ బుధవారము ఆయన భార్య అడిగిన ప్రశ్నకు నాకు నోట మాట రాకపోవడానికి కారణము ఇదే.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఆయన దగ్గర పనిచేసే కుర్రవాని తల్లి ఇంటికి వచ్చి, "అమ్మా, మా వాడికి రెండు నెలల జీతము రాలేదు, సారును అడుగమంటే భయపడుతున్నడు, నువ్వన్నా చెప్పు" అన్నదట. ఈమెకు ఆ సంగతే తెలియదు. ఆ రాత్రి భర్తను అడిగితే, "అది మిలటరీ పని, అడగకు" అన్నాడు. పెండ్లికి పెట్టుకుందామని బీరువా తెరిస్తే నగల పెట్టె తేలికగా ఉంది. అడిగితే మళ్లీ అదే మాట. "పదకొండు తులాలు అయ్యగారూ. మా అమ్మ పెట్టినవి, ఆయన ఆర్మీలో ఉన్నప్పుడు పైసా పైసా కూడబెట్టి చేయించుకున్నవి. పోతే పోయినయి. నన్ను అడుగకుండ తీసిండు, అదే నాకు..." అని ఆగిపోయింది. ఆయన మీద వేరే అనుమానాలు కూడా ఆమె మనస్సులో మొలకెత్తినట్లు మా ఇంటావిడతో తరువాత చెప్పుకున్నదట. చెప్పని చోట అనుమానము పుట్టక ఏమి పుడుతుంది?

నాబాలు ఇంటి సంగతి జ్ఞాపకము చేసికొనండి (1 సమూయేలు 25). ఇంటి మీదికి ఉపద్రవము వస్తున్నదని అబీగయీలుకు తెలిసింది భర్త నోటి నుండి కాదు, పనివాని నోటి నుండి. మన సహోదరుడు నాబాలు కాడు, మంచివాడు, కష్టజీవి. కాని అతని ఇంటిలో కూడా వార్త ఆ దారినే వచ్చింది.

మరునాడు సాయంత్రము నేను మడిగెకు వెళ్లాను. కుర్రవాళ్లు వెళ్లిపోయారు. ఒక మూల కేబులు చుట్టలు, బల్లమీద ఫైళ్లు. నన్ను చూడగానే లేచి నిలబడి, "కూర్చోండి అయ్యగారూ" అని తన కుర్చీ ఇచ్చాడు. నేను అడగకముందే, "ఆమె వచ్చిందా మీ దగ్గరికి?" అన్నాడు. వచ్చిందన్నాను. చాలాసేపు బయట రోడ్డుమీదికి చూస్తూ కూర్చుని, "మీరు నన్ను సంఘములో నిలబెట్టిన ఆదివారము ఉన్నదే, ఆ మరునాడు సోమవారమే తాకట్టు పెట్టిన. పెట్టేముందు ఆమెకు చెప్పుదామనుకున్న. అందరి ముందు అట్ల పొగిడిన తరువాత ఎట్ల చెప్పేది?" అన్నాడు.

ప్రియ పాఠకులారా, ఇరవై ఏండ్ల సేవలో నా ప్రసంగము ఒకనికి మేలు చేసిందని విన్నాను, ఏమీ చేయలేదని కూడా విన్నాను. ఒకని నోటికి తాళము వేసిందని వినడము అదే మొదటిసారి.

తరువాత ఆయన అంతా చెప్పాడు. మరమ్మతు పనులు నేరుగా చేసినంత కాలము బాగానే గడిచింది. 2012 నాటి విధానము ప్రకారము ప్రభుత్వ శాఖలు తమ కొనుగోళ్లలో కొంత భాగము సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొనాలి. 2018లో ఆ భాగమును 25 శాతము చేశారు. టెండరుకు కట్టవలసిన ధరావతు నుండి కూడా వీరికి మినహాయింపు ఉన్నది. ఆ పనులు చిన్నవి, బిల్లులు చిన్నవి, నిద్ర బాగా పట్టేది. ఇంతలో పెద్ద పని ఒకటి వచ్చింది. దానిని పొందినది వేరే నగరములోని పెద్ద కంపెనీ. గుంత తవ్వి కేబులు లాగి అతుకులు వేసే భాగమును వీరు ఈయనకు ఇచ్చారు. ఒప్పందములో ఒక వాక్యము ఉంది: శాఖ నుండి మాకు డబ్బు వచ్చిన తరువాతనే మీకు ఇస్తాము. ఆయన చదివాడు, సంతకము చేశాడు. పని దొరికిన సంతోషములో అది ఉరిలాగా కనబడలేదు.

రేటు మెత్తని నేల లెక్కకు వేశాడు. మన దక్కను నేల సంగతి మీకు తెలుసు. పైన జానెడు మన్ను, క్రింద నల్లరాయి. మొదటి వంద మీటర్లు బాగానే తెగింది. తరువాత బ్రేకరు పెట్టి రోజంతా కొడితే నాలుగు అడుగులు. రాతికి వేరే రేటు అడిగితే, ముందే చోటు చూచుకోవలసింది అన్నారు. "చూచిన అయ్యగారూ, గడ్డి చూచిన, రాయి చూడలే" అన్నాడు. అంత బాధలోను ఇద్దరమూ నవ్వుకున్నాము.

పని ముగించి ఇచ్చాడు. పరీక్షలో ప్రతి అతుకు బాగా ఉన్నదని తేలింది. లోపలి అధికారులు మెచ్చుకున్నారు. డబ్బు మాత్రము రాలేదు. గొట్టములు, కేబులు సామాను అప్పు మీద తెచ్చాడు. చిట్టీ ఎత్తాడు. నగలు గోల్డ్ లోనుకు పెట్టాడు. చివరికి కుర్రవాళ్ల జీతాలు ఆగాయి. ఇవన్నీ ఇంట్లో అడిగితే చెప్పడానికి ఒక మాట సిద్ధముగా ఉంది: మిలటరీ పని.

నేను ఆయనను ఒకటే అడిగాను. "బ్రదర్, ఆ పెద్ద కంపెనీకి పని ఎంతకు వచ్చిందో రహస్యమా?"

"కాదు అయ్యగారూ, టెండరు వివరాలు ఎవరైనా చూచుకోవచ్చు."

"ప్రభుత్వమే దాచని లెక్క మన ఇంట్లో రహస్యము ఎట్లయింది?"

ఆయన జవాబు చెప్పలేదు. నేను కూడా ఎక్కువ చెప్పలేదు. డేరాలో దాచిన ఆకాను సంగతి నాలుక కొన దాకా వచ్చింది గాని మ్రింగివేశాను. ఈయన దొంగిలించినది లేదు. సిగ్గుపడ్డాడు, అంతే. సిగ్గును దాచుకోవడానికి కర్తవ్యము అనే మంచి బట్ట దొరికింది, కప్పుకున్నాడు. ఆ బట్టకు ఇస్త్రీ చేసి ఇచ్చినవాడను నేనే.

కేబులు ఎటు వెళ్లింది, ఏ భవనములో ఎన్ని గదులున్నాయి, అక్కడ ఎవరు కూర్చుంటారు - ఇవి ఆయన భార్యకు చెప్పకూడదు, నాకూ చెప్పకూడదు. ప్రార్థన అంశముగానైనా చెప్పకూడదు. ఎంత అప్పు ఉన్నది, ఎవరి జీతము ఆగింది, నగలు ఎక్కడున్నాయి - ఇవి ఆమెకు చెప్పకుండా ఉండే హక్కు ఆయనకు లేదు. మొదటివి సైన్యమువి. రెండవవి ఆమెవి కూడా. మొదటివాటిని కాపాడినందుకు ఆయనను మెచ్చుకున్నాను, అందులో తప్పు లేదు. "భార్యకు కూడా తెలియదు" అని చప్పట్లు కొట్టించడములోనే తప్పు చేశాను.

ఆ శనివారము నలుగురమూ కూర్చున్నాము - వారిద్దరు, నేను, మా ఇంటావిడ. ఆయన ఒక నోటుపుస్తకములో అన్నీ వ్రాసి తెచ్చాడు. చదువుతుంటే రెండుసార్లు గొంతు పట్టుకున్నది. ఆమె ఏడవలేదు. అంతా విని, "మొదలు పిల్లల జీతాలు ఇయ్యాలె" అన్నది. నేను ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము తెరవబోతున్నాను. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇవ్వాలన్న ఆజ్ఞ అక్కడ ఉన్నది. ఆమె నాకంటె ముందే అక్కడికి చేరింది. వారి సెకండ్ హ్యాండు కారు అమ్మారు. ఆరుగురికీ రెండు నెలల జీతము ఒకే రోజున ఇచ్చారు. స్ప్లైసింగ్ మిషను అమ్ముదామని ఆయన అంటే ఆమె ఒప్పుకోలేదు. నాగలి అమ్ముకుని విత్తనాలు కొనుక్కుంటామా?

కంపెనీ దగ్గర ఆగిన డబ్బు సంగతి మా సంఘపు పెద్ద ఒకరు, బ్యాంకులో రిటైరైన ఆయన, చూచారు. ఇటువంటి పనులు చేసే పాఠకులకు పనికివస్తుందని వ్రాస్తున్నాను. 2006 నాటి చట్టము ప్రకారము ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థ ఇచ్చిన సరుకుకు గాని సేవకు గాని, ఒప్పందములో ఏ గడువు వ్రాసుకున్నా, 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు చేసుకోవడానికి 2017లో సమాధాన్ అనే ఆన్‌లైను ఏర్పాటు మొదలుపెట్టారు. అయితే తవ్వకము, సామాను, సేవ అన్నీ కలిసిన కాంట్రాక్టులకు ఈ చట్టము వర్తిస్తుందా అన్న వాదన కోర్టులలో నడిచింది. అందుకని వకీలును అడిగి ముందుకు వెళ్లడము మంచిది. మన సహోదరుని దగ్గర రిజిస్ట్రేషను ఉన్నది. ఫిర్యాదు చేస్తే మళ్లీ పని ఇవ్వరన్న భయము కూడా ఉన్నది. చిన్నవాని నోరు మూయించడానికి చట్టము అడ్డురాదు, రేపటి పని చాలు. చివరికి వకీలు చేత ఉత్తరము మాత్రము వ్రాయించారు. రెండు వాయిదాలుగా కొంత డబ్బు వచ్చింది. దానితో ఆరు తులాలు విడిపించారు. రాయి తవ్విన లెక్క ఇంకా తేలలేదు.

నేను చేయవలసినది ఒకటి మిగిలింది. పుల్పిట్ మీద చేసిన తప్పు పుల్పిట్ మీదనే దిద్దుకోవాలి గదా. వారిద్దరినీ అడిగి, వారి కష్టము ఏమీ చెప్పకుండా, "ఫలానా ఆదివారము భార్యకు తెలియకపోవడము గొప్ప అని అన్నాను, అది తప్పు మాట, వెనుకకు తీసికొంటున్నాను" అన్నాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు. కూటము అయిన తరువాత ఇద్దరు ముగ్గురు సహోదరీలు మా ఇంటావిడ దగ్గర చేరి చాలాసేపు మాట్లాడారు. వారి భర్తలు మిలటరీ పని చేసేవారు కారు.

ఇప్పుడు ఆ సహోదరి వారమునకు మూడు రోజులు మడిగెకు వెళ్లి బిల్లుల పుస్తకము చూస్తున్నది. క్రొత్త పని వస్తే ఒప్పందములో డబ్బు ఎప్పుడు ఇస్తారన్న వాక్యము ముందుగా ఆమెనే చదువుతుంది. నేల సంగతి తేల్చుకోవడానికి మూడు చోట్ల గుంత తవ్వి చూచిన తరువాతనే ఆయన రేటు వేస్తున్నాడు. లోపల ఏమి పని జరిగిందో ఆమె అడగదు, ఆయన చెప్పడు. మిగిలిన అయిదు తులాలకు వచ్చే నెల వడ్డీ కట్టాలి. ఆ తేదీ ఇద్దరి ఫోనులలోను ఉన్నది.